పెంపకమునకు వచ్చిన తాబేలు

తొలకరి వానలకు చేలు పచ్చబడిన దినములలో రాయలసీమ మెట్టపొలముల గట్లమీద అప్పుడప్పుడు నక్షత్ర తాబేలు కనబడుచుండును. నల్లని డిప్పమీద పసుపుపచ్చని చారలు నక్షత్రములవలె విచ్చుకొని యుండుటచేత దానికి ఆ పేరు వచ్చినది. పిల్లలు ముచ్చటపడి దానిని ఇంటికి తెత్తురు. ఇంట తాబేలున్న కలిసివచ్చునని పెద్దలు ఉంచుకొందురు. పాలు పోయుదురు, అన్నము పెట్టుదురు, నీళ్ళ తొట్టిలో వదలుదురు. ఇవన్నియు ప్రేమతో చేయు పనులే. అయినను తాబేలునకు ప్రాణాంతకమగునవి ఇవే.

పాడిగేదె మేత మానినచో ఆ పూటనే తెలియును. కోడికి జబ్బు చేసినచో రెండు దినములలో తెలియును. తాబేలు సంగతి అట్లు కాదు. దాని శరీరములో పనులన్నియు నెమ్మదిగా జరుగును. తగని మేత పెట్టినను, ఎండ తగులనీయకున్నను అది నెలల తరబడి బ్రతికియే యుండును. మనము బాగుగనే యున్నదనుకొందుము. కీడు బయటపడునప్పటికి నయము చేయుట కష్టమగును. కావున తాబేలును సాకువారు దాని అవసరములను ముందుగనే తెలిసికొనవలెను.

ఏ తాబేలును పెంచవచ్చును?

నక్షత్ర తాబేలును ఇంట పెంచరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి దీనిని మొదటి షెడ్యూలులో చేర్చిరి. పులి ఉన్న షెడ్యూలే ఇది. పట్టినను, కొనినను, అమ్మినను, ఇంట ఉంచుకొన్నను 3 నుండి 7 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, జరిమానాయు పడగలవు. చెరువులలో కనబడు మెత్తడిప్ప తాబేలు కూడ ఈ షెడ్యూలులోనిదే. ఇట్టి తాబేలు ఇప్పటికే మీ యింట నున్నచో సమీపములోని అటవీశాఖ కార్యాలయమునకు తెలిపి అప్పగించుడు. చాలకాలము ఇంట ఉన్నదానిని మీ యంతట మీరు అడవిలో వదలకుడు. దాని జబ్బులు అక్కడి తాబేళ్ళకు అంటుకొనవచ్చును.

ఆఫ్రికా ఖండపు సల్కాటా వంటి విదేశీ తాబేళ్ళను చట్టప్రకారము పెంచుకొనవచ్చును. కాని 2024 నాటి నియమముల ప్రకారము వానిని ప్రభుత్వపు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించవలెను. ఒకరు పెంచలేక ఇచ్చినదానిని మరొకరు తీసికొన్నను ఆ మార్పును నమోదు చేయించవలసినదే. తీసికొనుటకు ముందు మరొకమాట ఆలోచింపుడు. అరచేతిలో ఇమిడిన సల్కాటా పిల్ల పెరిగి 40 కిలోలు దాటగలదు. 50 సంవత్సరములకు పైగా బ్రతుకగలదు. మీ తరువాత దానిని ఎవరు చూతురో ఈనాడే నిశ్చయించుకొనుట మంచిది.

సల్కాటాయు, నక్షత్ర తాబేలును రెండును గడ్డి, ఆకులు తిని బ్రతుకు మెట్ట జంతువులే. కావున ఈ దిగువ సూచనలు పెంపకమునకు తీసికొన్న సల్కాటాకును, అటవీ సిబ్బంది వచ్చువరకు మీ వద్దనున్న నక్షత్ర తాబేలునకును వర్తించును.

చోటు, ఎండ

తాబేలునకు సొంతముగా వేడి పుట్టించుకొను శక్తి లేదు. ఎండ కాగినప్పుడే తిన్న మేత అరుగును. ఎండ తగిలిననే డి విటమిను తయారై, సున్నపు ధాతువు డిప్పకు, ఎముకలకు పట్టును. గాజు కిటికీగుండా వచ్చు ఎండ ఇందుకు పనికిరాదు. పెరటిలో సగము ఎండ, సగము చెట్టునీడ ఉండునట్లు మట్టినేల ఏర్పాటు చేయుడు. నున్నని గచ్చుమీద కాళ్ళు జారి కీళ్ళు చెడును. సల్కాటా నేల త్రవ్వును గనుక గోడ పునాది అడుగున్నర లోతున ఉండవలెను. రాత్రివేళ ఎండుగడ్డి పరచిన పెట్టెలో, చలిగాలియు తేమయు తగులకుండ, కుక్కలు, పందికొక్కులు చేరకుండ ఉంచుడు.

డిప్ప పైతొడుగు మాత్రమే కాదు. ప్రక్కటెముకలు, వెన్నెముక కలిసి ఏర్పడిన సజీవమైన ఎముక. దానికి రంగు పూయుట, రంధ్రము చేసి త్రాడు కట్టుట మిక్కిలి క్రూరము. ఊపిరితిత్తులు వీపు డిప్ప క్రిందనే ఉండును. కావున వెల్లకిల త్రిప్పి ఉంచినచో ప్రేగుల బరువు వానిమీద పడి ఊపిరి ఆడదు.

మేత

పశువు కడుపులోవలెనే తాబేలు పెద్దప్రేగులో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి జీర్ణము చేయును. కావున మేతలో పదింట తొమ్మిది పాళ్ళు గడ్డియు, ఆకులును ఉండవలెను. గరిక, మందార ఆకులు, పూలు, మునగాకు, ముండ్లు తీసిన నాగజెముడు మంచివి. పాలకూర, తోటకూర సున్నపు ధాతువును ఒంటికి పట్టనీయవు గనుక ఎప్పుడో ఒకసారి మాత్రమే పెట్టుడు. తియ్యని పండ్లు ఎక్కువైన ప్రేగులలోని సూక్ష్మజీవులు చెడి పారుడు పట్టును. పాలు, అన్నము, రొట్టె, మాంసము, కుక్కలకు పెట్టు తిండి పనికిరావు. పురుగుమందు చల్లిన చేనిగట్టు గడ్డిని కోసి వేయకుడు. కోడిగ్రుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా పొడిచేసి వారమునకు రెండుసార్లు ఆకులమీద చిటికెడు చల్లుట మేలు.

నీరు

నీరు తలుచుకొన్నప్పుడు త్రాగుటకు వీలుగా పల్లెములో ఉంచి ప్రతిదినము మార్చవలెను. నీరు దాని గడ్డము వరకే ఉండవలెను. వారమునకు రెండుసార్లు గోరువెచ్చని నీటిలో పావుగంట నిలుపుడు. మెట్ట తాబేలు ఈదలేదు. ఏనుగు పాదమువలె మొద్దుగా నుండు కాళ్ళు దీని గుర్తు. వ్రేళ్ళ నడుమ పొర యున్నది నీటి తాబేలు. ఈ భేదము తెలియక పుణ్యమునకై కోనేటిలోనో, బావిలోనో వదలిన నక్షత్ర తాబేలు మునిగి చనిపోవును.

జబ్బు లక్షణములు

ముక్కునుండి నీరు లేక బుడగలు వచ్చుట, నోరు తెరచి ఊపిరి పీల్చుట, కండ్లు వాచుట, డిప్ప మెత్తబడుట, మేత మానుట – వీనిలో ఏది కనబడినను పశువైద్యునికి చూపుడు. తాబేలు దగ్గలేదు గనుక ఊపిరితిత్తులలో చేరిన కఫము దానంతట పోదు. కొన్ని తాబేళ్ళ మలములో మనుష్యులకు విరేచనములు కలిగించు సాల్మొనెల్లా క్రిములుండును. తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఐదేండ్లలోపు పిల్లలను తాకనీయరాదు. దాని పల్లెమును వంటపాత్రలతో కలిపి తోమరాదు.

పొలములో కనబడినచో

దున్నునప్పుడు నాగలికో, ట్రాక్టరుకో ఎదురైన తాబేలును రెండు చేతులతో నిమ్మళముగా ఎత్తి, అది పోవుచున్న దిక్కుననే గట్టు చేర్చి విడువుడు. మరొక ఊరికి కొనిపోకుడు. గుంటలో గ్రుడ్లు బయటపడినచో పొర్లించక, ఉన్నవి ఉన్నట్లే మట్టితో కప్పుడు. డిప్ప పగిలినచో పసుపు, నూనె, సున్నము పూయక, శుభ్రమైన గుడ్డ కప్పి, గాలి ఆడు పెట్టెలో ఉంచి, పశువుల ఆసుపత్రికి చేర్చి అటవీశాఖకు తెలుపుడు. గట్టుమీది గడ్డికి నిప్పు పెట్టుట మానుడు. నెమ్మదిగా నడచు జంతువు ఆ మంటనుండి తప్పించుకొనలేదు. నక్షత్ర తాబేలు మన యిల్లు కోరదు. గట్టుమీది గరికయు, కంచె క్రింది నీడయు దానికి చాలును.