ఆకుచుట్టు ముక్కుపురుగులు: క్రొత్త పురుగునకు పేరు నిర్ణయించుట వలన రైతునకు గలుగు లాభము

వానలు పడిన పిమ్మట మామిడితోటలలో ఎఱ్ఱని చిగురులు వెడలునపుడు, కొన్ని లేతాకుల కొనలయందు చిన్నవ్రేలి కొనయంత చుట్టలు వ్రేలాడుచుండుట మన సభ్యులలో పెక్కుండ్రు చూచియే యుందురు. అట్టి చుట్టను విప్పిచూచినచో లోపల నొక గ్రుడ్డుగాని, కాళ్లులేని చిన్నపురుగుగాని కానవచ్చును. ఇది క్రొత్త తెగులా, దీనికి ఏ మందు చల్లవలెను అని అడుగువారు కొందఱు. అడుగకయే మందుసీసా కొని తెచ్చువారు మఱికొందఱు. మొదటి ప్రశ్న తేలకయే రెండవదానికి బదులు చెప్పరాదని మా యభిప్రాయము. పురుగు క్రొత్తదో పాతదో ఎట్లు తేల్చుదురు, ఆ తేల్చుటతో సేద్యగానికేమి పని యను సంగతులను ఈ నెల సభ్యులకు మనవి చేయుచున్నాము.

ముక్కుపురుగుల కుటుంబము మిక్కిలి పెద్దది. బియ్యపుగాదెలో పుట్టునది, మామిడి టెంకలో దాగునది, చిలగడదుంపను తొలుచునది, కొబ్బరిచెట్టును కూల్చు ఎఱ్ఱపురుగు, ఇవియన్నియు నా కుటుంబములోనివే. తల ముందునకు సాగి ముక్కువలె నుండుటయు, ఆ ముక్కు కొనయందు దవడలుండుటయు వీని గురుతు. శాస్త్రజ్ఞులు ఇంతవఱకు పేరిడిన ముక్కుపురుగుల జాతులు 60,000 లకు పైగా గలవు. వానిలో ఆకును చుట్టునవియు వాని దగ్గఱి చుట్టములును ఒక శాఖ. ఆ శాఖయందు 2,000 లకు మించిన జాతులున్నవి. ఉష్ణదేశములందు వీని వైవిధ్య మధికము.

ఆకును చుట్టునది ఆడుపురుగు. అది లేతాకుపై నటునిటు తిరిగి, తగిన తావున అంచునుండి అడ్డముగా కోసి, నడిమి యీనెకు గాటు పెట్టును. అంతట కోసిన భాగమునకు నీరెక్కుట తగ్గి ఆకు వాడి మెత్తబడును. గోదావరి లంకలలో పొగాకుచుట్టలు చుట్టువారికి ఇందలి మర్మము బోధపడకపోదు. ఎండిన ఆకు పగులును; పచ్చియాకు మడత నిలువదు; పదునుపట్టిన ఆకే చుట్టకు వచ్చును. పురుగు ఆ పదునును తన దవడలతోనే తెచ్చుకొనును. పిదప కాళ్లతో ఆకును మడచి, కొననుండి పైకి చుట్టుచు, నడుమ గ్రుడ్డు పెట్టి, అంచులను లోనికి దోపును. దారములేదు, జిగురులేదు, అయినను చుట్ట విడిపోదు. గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగునకు ఆ చుట్టయే యిల్లు, ఆ చుట్టయే కూడు.

మన మామిడిపై నిట్లు చుట్టలు చుట్టు పురుగు ఎఱుపు కలసిన గోధుమవన్నె గలది. జీడిమామిడిపైనను బాదముచెట్టుపైనను గూడ కనబడును. దీని శాస్త్రనామము అపోడెరస్ ట్రాంకెబారికస్. ఈ పేరులోని రెండవమాట తమిళదేశపు తీరమందలి తరంగంబాడిని తెలుపును. 1620 మొదలు 1845 వఱకు ఆ రేవు డేనులవారి వశమున నుండెను. వారి పలుకుబడిలో దాని పేరు ట్రాంకెబారు. 1808లో మరణించిన డేనుపండితుడు ఫాబ్రీసియసు ఈ పురుగునకు పేరు పెట్టెను. కాబట్టి గ్రంథములలో నెక్కియే దీనికి రెండువందల యేండ్లు దాటినవి. మన తాతలు దీనిని అంతకు పూర్వమే చూచియుందురు. మన కంటికి నేడు క్రొత్తగా కనబడినంతమాత్రమున పురుగు క్రొత్తది కాదు.

ఇట్టి పొరబాటు దూరదేశములందును గలదు. మడగాస్కరు దీవిలో జిరాఫీవలె మెడసాగిన ఆకుచుట్టు పురుగొకటి గలదు. మగదాని మెడ ఆడుదాని మెడకు రెండుమూడింతలుండును. ఇది 2008లో క్రొత్తగా దొరకినదని పలుచోట్ల వ్రాయుచుందురు. కాని జేకెల్ అను పండితుడు 1860లోనే దీనిని వర్ణించి పేరిడియుండెను.

అయినచో నిజముగా క్రొత్తదని తేల్చుట యెట్లు? మొదట పురుగును చెడకుండ సంపాదింపవలెను. ముక్కు పొడవు, మీసముల కణుపులు, ఱెక్కడిప్పలపై చుక్కల వరుసలు, మెడ, కాళ్లు కొలువవలెను. పైకి ఒక్కతీరుగ నుండు జాతులను వేఱుపఱచుటకు మగపురుగు జననావయవములను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. నేటి కాలమున శరీరకణములలోని వంశసూత్రమును గూడ చదువుదురు. ఇదివఱకు పేరు పొందిన దగ్గఱి జాతులన్నిటితో పోల్చి, దేనితోను సరిపోలనప్పుడే క్రొత్త జాతి యందురు. పిమ్మట రెండుమాటల పేరుంచి, వర్ణనను అచ్చువేయింతురు. జంతువుల విషయమున ఈ రెండుమాటల పద్ధతికి లిన్నేయసు 1758లో ప్రకటించిన గ్రంథమే మొదలు.

ఇందు ముఖ్యమైన నియమ మొకటి గలదు. ఏ పురుగును చూచి పేరిడిరో ఆ పురుగునే ఆ పేరునకు సాక్షిగా నిర్ణయించి, పదిలముగా నుంచవలెను. పొలముహద్దును గూర్చి తగవు వచ్చినపుడు నకళ్లను నమ్మక దస్తావేజు మూలప్రతిని చూడబోవుదుము గదా! ఆ పేరునకు ఈ మూలపురుగు అట్టిది. మనదేశమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాసంస్థయందు పూసాసంగ్రహమను గొప్ప కీటకసంచయము గలదు. 1905లో బీహారులోని పూసాయందు స్థాపింపబడిన ఆ సంస్థ, 1934 నాటి భూకంపమువలన దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలినది. పేరుమాత్రము పూసాయనియే నిలిచినది.

ఉష్ణదేశములందు పేరులేని పురుగు లింకను ఎన్నియో గలవు. న్యూగినీ దీవి యడవులలో దొరకిన 101 ముక్కుపురుగు జాతులను 2013లో ఒక్క ప్రకటనలోనే వర్ణించిరి. పేరులు చాలక కొన్నిటికి ఆ దేశపు టెలిఫోను పుస్తకములోని యింటిపేరులు పెట్టవలసివచ్చెను.

ఇక మన తోటల సంగతి. మామిడి చిగురునకు హాని చేయు మఱియొక ముక్కుపురుగు గలదు. ఇది ఆకును చుట్టదు, కత్తిరించును. ఆడుపురుగు లేతాకులో గ్రుడ్లు పెట్టి, తొడిమకు దగ్గఱగా ఆకును కత్తెరతో కోసినట్లు అడ్డముగా కోయును. ఆకుముక్క నేల రాలును. పిల్లపురుగు ఆ రాలిన ముక్కలోనే పెరిగి, కొలదిదినములలో మట్టిలో దిగి రూపము మార్చుకొనును. చెట్టుపై మిగులునవి ఆకుమొండెములు మాత్రమే. ముదురుచెట్టు దీనిని ఓర్చుకొనును గాని, అంటుమొక్కలకును నారుమళ్లకును ఇది పెద్ద దెబ్బ.

రెండును ముక్కుపురుగులే, రెండును చిగురుమీదివే. అయినను చికిత్సలు వేఱు. చుట్టునది సాధారణముగా మందునకు తగినంత హాని చేయదు. అంటుమొక్కలపై చుట్టలు మెండుగా నున్నచో చేతితో కోసి కాల్చినచాలును. కత్తిరించుదాని పిల్లలు చెట్టుపై లేవు, నేలపై నున్నవి. రాలిన ఆకుముక్కలను నాటికి నాడు ఏరి కాల్చి, చెట్టు పాదులోని మట్టిని త్రవ్వి తిరుగవేయుట దీనికి మొదటి చికిత్స. ఆకులను ఏరక చెట్టునకు మాత్రమే మందుకొట్టువాడు రేపటి పురుగులను తన పాదులోనే పెంచుకొనుచున్నాడు. పురుగును గుర్తింపనేరని వానికి మందుఖర్చు ఒక నష్టము, తేనెటీగలు మొదలగు మేలుచేయు పురుగులు చచ్చుట రెండవ నష్టము.

పేరు తప్పిన నెంత చేటో, ఒప్పిన నెంత మేలో తెలుపు నిదర్శన మొకటి ముక్కుపురుగులలోనే గలదు. అది ఆకుచుట్టునది కాదు, నీటికలుపును తినునది. సాల్వీనియా యను తేలుకలుపు దక్షిణామెరికానుండి వెడలి పలుదేశముల చెఱువులను, కాలువలను, వరిమళ్లను కప్పివేసెను. కేరళమున దీనిని ఆఫ్రికన్ పాయల్ అందురు. చాలకాలము దీనిని వేఱొక సాల్వీనియాగా నెంచిరి. అది ప్రత్యేకజాతియని మిచెల్ అను పండితుడు 1972లో పేరిడెను. దాని పుట్టినయిల్లు ఆగ్నేయ బ్రెజిలని 1978లో తెలిసెను. అచ్చట దానిని తినుచున్న చిన్న నల్ల ముక్కుపురుగును తెచ్చి 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా జలాశయమున విడిచిరి. మఱుసటి సంవత్సరమునకే కలుపు నాశనమయ్యెను. మొదట ఆ పురుగును, అంతకుముందు ఆఫ్రికాలో విడిచినను ఫలమియ్యని పాతజాతిగానే తలచిరి. ఫలితములలోని భేదమును చూచి పరీక్షింపగా అది క్రొత్తజాతి యని తేలెను. కాల్డర్, శాండ్స్ అనువారు 1985లో దానిని వర్ణించి సిర్టోబాగస్ సాల్వీనియే యని పేరిడిరి. మనదేశమునకును ఈ పురుగు వచ్చెను. 1983 మొదలుకొని బెంగుళూరులోను కేరళములోను దానిని విడువగా, కేరళపు వరిరైతులకు కలుపు తీయించు కూలిభారము మిక్కిలి తగ్గెను. రెండు పురుగులు కంటికి ఒక్కటే; కాలువను శుభ్రపఱచినది ఒక్కటి మాత్రమే.

కావున సభ్యులు చేయదగినది ఇది. ఎఱుగని పురుగు కనబడినచో నలిపివేయక పట్టి, మూతగల చిన్నసీసాలో స్పిరిటు పోసి వేయవలెను. ఏ యూరు, ఏ తేదీ, ఏ చెట్టు, ఏ భాగము, ఎంత హాని యను వివరములను పెన్సిలుతో చీటిపై వ్రాసి సీసాలోనే యుంచవలెను, సిరా కరగిపోవును. చుట్టలు దొరకినచో కొన్నిటిని రంధ్రములుగల డబ్బాలో నుంచి, పెద్దపురుగు వెడలువఱకు వేచిచూడవలెను. పిల్లపురుగునుబట్టి జాతిని తేల్చుట కష్టము. వీనిని కృషివిజ్ఞానకేంద్రమునకుగాని, నూజివీడులోని మామిడి పరిశోధనాస్థానమునకుగాని, సంగారెడ్డిలోని ఫలపరిశోధనాస్థానమునకుగాని చేర్చినచో తగిన సలహా దొరకును. చీటిలేని పురుగు సాక్ష్యములేని వ్యాజ్యమువంటిది. ఎంత వింతదైనను పనికిరాదు.

మఱియొక మాట. ఱెక్కలుగల పురుగునకు గట్టులు అడ్డుగావు. ఒక్కడు తన తోటలో రాలిన ఆకులను ఏరి కాల్చగా, ప్రక్కతోటవాడు ఊరకున్నచో ఫలము సగమే. ఒక పాయలోని తోటలవారందఱు కలసి ఒకే వారమున ఆకులు ఏరించుకొన్నచో ఖర్చు స్వల్పము, లాభ మందఱిదియు. విత్తనములకును ఎరువులకును ఏకమైన మనము ఈ పనికిని ఏకముకావలెనని కోరుచున్నాము. వచ్చు చిగురుకాలమున మందునకు సొమ్ము చెల్లించుటకు ముందు, పురుగు చుట్టునదియో కత్తిరించునదియో ప్రతి సభ్యుడును చెట్టుక్రింద వంగి చూచుగాక!