పాపికొండలకు పెద్దల ప్రయాణం... సంచి సర్దేముందు!
ధవళేశ్వరం:
వరదలు తగ్గి గోదావరికి నిలకడ వచ్చిందంటే పాపికొండల విహారానికి ప్రయాణాలు మొదలవుతాయి. పదవీ విరమణ పొందినవారు, పిల్లలతో సెలవులకు వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు ఈ పర్యటనలో ఎక్కువగానే కనిపిస్తారు. ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగివచ్చే ప్రయాణమే కదా అని చాలామంది ఒక తువ్వాలు, పులిహోర పొట్లం పట్టుకుని బయలుదేరుతుంటారు. అరవై దాటినవారికి ఆ సరంజామా చాలదు. లాంచీ ఎక్కాక మందుల దుకాణం ఉండదు. కొండల మధ్య చాలాచోట్ల సెల్‌ఫోన్‌కు సంకేతాలు అందవు. ఆసుపత్రి కావాలంటే ముందు ఒడ్డు చేరాలి.

ఒకప్పుడు రాజమండ్రి రేవు నుంచే లాంచీలు బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు పనులు నదికి అడ్డుగా రావడంతో, ఇటువైపు నుంచి వెళ్లేవారు దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ ఆలయం వరకు రోడ్డు మార్గంలో చేరి అక్కడ లాంచీ ఎక్కుతున్నారు. అందువల్ల రోజులో రెండు విడతల రోడ్డు ప్రయాణం తప్పదు. సామాను సర్దేటప్పుడు ఈ సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ముందుగా నది సంగతి

సంచి కంటే ముందు చూడవలసింది నీటిమట్టం. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అయితే హెచ్చరిక లేదు గనుక ప్రయాణం క్షేమమనుకోవడం పొరపాటు. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ వద్ద ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన నాడు ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులకు కొంచెం పైన మాత్రమే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల బ్యారేజీ ముందు విశాలంగా పరచుకునే అదే నీరు, కొండల మధ్య ఇరుకు దారిలో సుడులు తిరుగుతూ ఉరుకుతుంది. నీరు ఎర్రగా, ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ప్రయాణం వాయిదా వేసుకోవడమే పెద్దలకు మేలు.

లైఫ్ జాకెట్‌పై శాలువా వద్దు

కచ్చులూరు దుర్ఘటన సమయంలో కొందరు ప్రయాణికులు భోజనం కోసం, ఉక్కపోత వల్ల లైఫ్ జాకెట్లు తీసివేశారని అప్పటి వార్తా కథనాలు తెలిపాయి. ఆ తర్వాత కొంతకాలం విహారం నిలిపివేసి, పర్యవేక్షణకు కంట్రోల్ రూములు ఏర్పాటు చేశారు. ఎన్ని ఏర్పాట్లు ఉన్నా జాకెట్ ఒంటిమీద ఉంటేనే ప్రయోజనం. దానికి తగినట్లుగా దుస్తులు ఎంచుకోవాలి. పలుచని నూలు బట్టలైతే జాకెట్ వేసుకున్నా ఉక్క తక్కువగా ఉంటుంది. చలికాలంలో స్వెట్టరు లోపల వేసుకుని పైన జాకెట్ కట్టుకోవాలి. జాకెట్‌పై శాలువా కప్పుకుంటే నీటిలో చేతులకు చుట్టుకునే ప్రమాదం ఉంది. మహిళలు చీర కొంగును నడుముకు దోపుకున్నాకే పట్టీలు బిగించుకోవాలి.

మందులు చేతిలోనే

రోజూ వాడే మందులను పెద్ద సంచిలో అడుగున వేయకూడదు. భుజానికి తగిలించుకునే చిన్న సంచిలో, తడవని కవరులో రెండు రోజులకు సరిపడా ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణం ఆలస్యమైతే ఆ రెండో రోజు మందులే ఆదుకుంటాయి. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని ఎండ తగలకుండా ఉంచాలి, మంచుగడ్డకు నేరుగా ఆనించకూడదు. లాంచీలో భోజనం ఆలస్యమైతే చక్కెర స్థాయి పడిపోవచ్చు. బిస్కెట్లు, కాసిని చక్కెర పలుకులు చేతికందేలా ఉంచుకోవాలి.

మరుగుదొడ్డికి ఇబ్బంది అవుతుందని కొందరు ఉదయం నుంచి మంచినీళ్లు మానేస్తారు. మరికొందరు మూత్రం ఎక్కువగా వచ్చే రక్తపోటు మాత్రను ఆ రోజుకు వదిలేస్తారు. రెండూ ప్రమాదకరమే. నీరు తగ్గితే ఎండలో కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది. మాత్ర వేసుకునే వేళ మార్చుకోవచ్చునా అన్నది ముందురోజే వైద్యుని అడగాలి. మంచినీటి సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉండాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం ఓఆర్‌ఎస్ వాడకాన్ని కూడా వైద్యుని సలహాపైనే పెట్టుకోవాలి.

చెప్పులు, కళ్లద్దాలు, కాగితాలు

పేరంటాలపల్లి వద్ద ఒడ్డున దిగి శివాలయానికి ఎక్కవలసి ఉంటుంది. తడిసిన చెక్కపై, మెట్లపై హవాయి చెప్పులు జారతాయి. వెనుక పట్టీ ఉండి, అడుగున గీతలున్న పాదరక్షలు మంచివి. చేతికర్ర అలవాటున్నవారు మొహమాటపడక తీసుకువెళ్లాలి. కళ్లద్దాలకు తాడు కట్టుకోవాలి, అదనపు జత ఉంటే మరీ మంచిది. వినికిడి యంత్రం ఉన్నవారు దాని బ్యాటరీలు మరువరాదు. సిబ్బంది చెప్పే హెచ్చరిక వినబడడం ముఖ్యం. ఆధార్ నకలు, మందుల చీటీ, ఇంటివారి ఫోన్ నంబర్లు రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో ఉంచుకోవాలి. ఫోన్ తడిసినా, చార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పనికొస్తుంది. బంగారు నగలు ఇంటివద్దే వదలడం ఉత్తమం.

ఓడ ఎక్కేవారికి

విశాఖపట్నం రేవులో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సముద్ర విహారమైనా ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలను సిబ్బందికి అప్పగించవలసి వస్తుంది, అవి గదికి చేరేసరికి ఆలస్యం కావచ్చు. మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. సముద్రంలో వికారం తగ్గేందుకు వాడే కొన్ని మాత్రలు పెద్దవారిలో మగతను, తికమకను కలిగిస్తాయి. ప్రోస్టేటు సమస్య ఉన్నవారికి మూత్రం బిగిసే అవకాశమూ ఉంది. వైద్యుని అడగకుండా వాటిని కొనరాదు.

చివరిగా, సర్దిన సంచిని భుజాన వేసుకుని ఇంటి మెట్లు ఒకసారి దిగి ఎక్కి చూడాలి. ఆయాసం వస్తే బరువు తగ్గించుకోవాలి. ఒక చేయి ఎప్పుడూ ఖాళీగా ఉంటేనే లాంచీ ఎక్కేటప్పుడు ఆసరా పట్టుకోగలుగుతారు.