రోహిణి నుండి ఆర్ద్ర దాకా

ఉద్దేశం : ప్రకృతిని పరిశీలించడం, పరిశీలించిన దానిని జీవనోపాధికి అన్వయించుకోవడం తోటలు పెంచేవారికి నిత్యకృత్యం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తోటలకు వేసవి చివర సంభవించే ఆపదలను, వాటి కారణాలను, వాటిని ఎదుర్కొనే ఉపాయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

గ్రీష్మం అనగానే మనకు మండుటెండ గుర్తుకు వస్తుంది. తోట పెంచేవానిని అడిగితే మరొక మాట చెబుతాడు. ఎండ తెలిసిన శత్రువు. దానికి నీడ ఉంది, నీరు ఉంది, ఓర్పు ఉంది. అతడు నిజంగా భయపడేది వేసవి ముగిసీ ముగియని, వానలు మొదలై మొదలుకాని సంధికాలానికి. మే నెల రెండవ పక్షం నుండి జూన్ చివరి వరకు గల ఆ నెలన్నర రోజులలో ఒకనాడు నిప్పులు చెరిగే ఎండ, మరునాడు చెట్లను కూల్చే గాలి, ఆ మరునాడు వడగళ్ళు రావచ్చు. ఏదీ రాకనూ పోవచ్చు. ఏడాదంతా పెట్టిన పెట్టుబడి చేతికి అందవలసిన రోజులు కూడా అవే కావడం వల్ల ఈ అనిశ్చితి రైతు జీవితానికి కఠిన పరీక్ష అవుతున్నది.

పడమటి మండలాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగానికి చెందినవి. స్థానికులు ఈ భాగాన్ని పడమటి మండలాలు అని వ్యవహరిస్తారు. ఇది సముద్రమట్టానికి సుమారు 650 నుండి 800 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి. మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ కొండలు ఇంకా ఎత్తయినవి. కుప్పం ఒకవైపు కర్ణాటకకు, మరొకవైపు తమిళనాడుకు ఆనుకొని ఉంది. తూర్పున ఉన్న మైదానాలతో పోల్చితే ఇక్కడి రాత్రులు చల్లన. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో క్షయరోగుల కొరకు చికిత్సాలయం వెలసిందంటే, ఇక్కడి పొడిగాలి, సమశీతల వాతావరణమే అందుకు ముఖ్యకారణం.

ఈ ఎత్తే ఇక్కడి తోటలకు వరం. మైదానాలలో ఎండకు కూరగాయల పంట నిలువలేని నెలలలో ఇక్కడ టమాటా కాస్తుంది. కనుకనే మదనపల్లె మార్కెట్టు టమాటాకు దేశమంతటా పేరు పొందింది. అయితే నేలలు ఎక్కువగా ఎర్ర గరపలు. నీటిని త్వరగా ఇంకించుకుంటాయి, త్వరగా ఆరిపోతాయి. నైరుతి ఋతుపవనం పడమటి కనుమలలోనే చాలా తేమను విడిచి వస్తుంది. ఈశాన్య ఋతుపవనపు వానలు తూర్పు మండలాలలో కురిసినంతగా ఇక్కడ కురవవు. కాబట్టి వేసవి చివరి వాన ఈ ప్రాంతానికి కావలసినదే. అది వచ్చే తీరులోనే చిక్కు ఉంది.

కార్తెలు చెప్పేది

మన పూర్వులు వ్యవసాయ కాలాన్ని కార్తెలతో కొలిచారు. సూర్యుడు ఇరవై ఏడు నక్షత్రాలలో ఒక్కొక్క దానిలో ఉండే కాలం ఒక కార్తె. అది పదమూడు, పద్నాలుగు రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆర్ద్ర ప్రవేశిస్తాయి. రోహిణిలో రోళ్ళు పగులుతాయనే సామెత తెలుగునాట వినని ఊరు లేదు. మృగశిర వస్తే ముంగిళ్ళు చల్లబడతాయని కూడా అంటారు.

వానను లెక్కించాలనే ప్రయత్నం మనకు కొత్త కాదు. క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో మేఘలక్షణాలను, వర్షపు కొలతను చర్చించాడు. అదే గ్రంథంలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో గ్రీష్మ వర్ష ఋతువులను వర్ణించిన తీరు, ఋతువు మార్పును ఆయన ఎంత సన్నిహితంగా చూశాడో తెలుపుతుంది.

అయినా ఒక సత్యం గమనించాలి. కార్తె తెలిపేది నక్షత్రమండలంలో సూర్యుని స్థానాన్ని మాత్రమే. ఆకాశంలోని మేఘాన్ని కాదు. పైగా నక్షత్రాల లెక్కతో సాగే సంవత్సరం ఋతువుల లెక్కతో సాగే సంవత్సరం కంటే సుమారు ఇరవై నిమిషాలు ఎక్కువ. ఈ స్వల్ప భేదం ఇంచుమించు డెబ్బై ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. వరాహమిహిరుని కాలంతో పోల్చితే నేడు ప్రతి కార్తె, ఋతువు లెక్కన, దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వస్తున్నది. కనుక కార్తె పనులకు ఒక క్రమాన్ని గుర్తుచేసే పట్టిక. దానినే వానకు హామీగా భావించరాదు.

అనిశ్చితికి మూలం

వేసవి చివర వాతావరణం ఎందుకు ఇంత చంచలం? ఉదయం నుండి కాగిన నేల తనపైనున్న గాలిని వేడెక్కిస్తుంది. తేలికపడిన ఆ గాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుండి గాని, అరేబియా సముద్రం నుండి గాని వచ్చిన తేమ దానికి తోడైతే సాయంత్రానికి పది కిలోమీటర్లకు మించిన ఎత్తుగల ఉరుముల మేఘం ఏర్పడుతుంది. దానిలోని బలమైన ఊర్ధ్వప్రవాహం నీటిబిందువులను గడ్డకట్టే ఎత్తుకు తీసుకొనిపోతుంది. మంచుపొరలు పేరుకొని, గాలి మోయలేనంత బరువెక్కిన గడ్డలు వడగళ్ళుగా రాలుతాయి. మేఘం నుండి చల్లని గాలి ఒక్కసారిగా కిందికి దూకినప్పుడు చెట్లు కూలుతాయి. ఇటువంటి మేఘం పరిధి కొన్ని కిలోమీటర్లు, ఆయుర్దాయం గంట, రెండు గంటలు. ఒక ఊరి తోట నేలమట్టమైతే పక్క ఊరిలో చినుకు పడకపోవడానికి కారణం ఇదే. ఏ మేఘం ఏ ఊరిపై విరుచుకుపడుతుందో ముందురోజే చెప్పడం నేటి విజ్ఞానానికీ కష్టసాధ్యం.

ఋతుపవనం రాకలోనూ నిలకడ లేదు. అది కేరళను తాకవలసిన సాధారణ తేదీ జూన్ 1. 2023లో అది జూన్ 8న తాకింది. 2025లో మే 24నే తాకింది. రెండేళ్ళలో పదిహేను రోజుల తేడా! వాననే నమ్ముకొని పని మొదలుపెట్టేవానికి ఆ పదిహేను రోజులు ఒక పంటకాలాన్నే తారుమారు చేయగలవు.

మామిడి, టమాటా

పూర్వపు చిత్తూరు జిల్లా మామిడికి ప్రసిద్ధి. బేనీషా ముందు కోతకు వస్తుంది. గుజ్జు కర్మాగారాలకు పోయే తోతాపురి జూన్, జూలై నెలలలో వస్తుంది. అందుచేత గాలివానల ముప్పు ఒక్కొక్క రకానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. కాయ బరువెక్కి, తొడిమ బలహీనపడే దశలో వీచే ఒక్క సాయంకాలపు గాలి తోట కిందంతా కాయలు పరుస్తుంది. దెబ్బతిన్న రాలుకాయ నిలువ ఉండదు, ధర పలకదు. తోటను గుత్తకు తీసుకొన్న వానికి ఇది మరింత బాధాకరం. కాయ రాలినా గుత్త సొమ్ము రాలదు కదా! గాలి తప్పినా తేమ మిగులుతుంది. వాన పడగానే పండుఈగ విజృంభించి పక్వానికి వచ్చిన కాయలో గుడ్లు పెడుతుంది. రాలిన కాయలను ఏనాటికానాడు ఏరి పూడ్చడం, ఎరబుట్టలు వ్రేలాడదీయడం, మేలైన కాయలకు కాగితపు సంచులు తొడగడం దీనికి నివారణోపాయాలు.

టమాటా కథ వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే పుప్పొడి శక్తి తగ్గి పూత రాలుతుంది. వేడి ఎక్కువైతే కాయకు ఎర్రదనం సరిగా పట్టదు. పొడినేలలో పెరిగి తోలు బిరుసెక్కిన కాయకు ఒక్కసారిగా వాననీరు అందితే లోపలి కండ ఉబ్బి తోలు పగులుతుంది. నీటి తడులు హెచ్చుతగ్గులైతే కాయకు సున్నపు ధాతువు అందక అడుగుభాగం నల్లబడి కుళ్ళుతుంది. వేడిలో తెల్లదోమ పెరిగి ఆకుముడత తెగులును వ్యాపింపజేస్తుంది.

వాతావరణ ప్రభావం తోటతో ఆగదు. సంతకు కూడా చేరుతుంది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో మేలురకం టమాటా కిలో ధర ఇంచుమించు 200 రూపాయలకు చేరింది. ఎండలు, తెగుళ్ళు, తగ్గిన సాగు అందుకు కారణాలు. కొన్ని వారాలకే కొత్త పంట వచ్చి ధర పడిపోయింది. ఆ ధరను చూసి ఆలస్యంగా నాటినవారికి మిగిలినది శ్రమ మాత్రమే. పంట పోయిన రైతుకు ధర ఉన్నా ఫలం లేదు. పంట నిలిచిన రైతుకు ధర నిలువదు.

కుప్పం పరిసరాలలో పండించే బంతి, చామంతి వంటి పూలతోటలది ఇంకా సున్నితమైన స్థితి. వానకు తడిసి బరువెక్కిన పువ్వు ఒక్క రాత్రిలో కుళ్ళుతుంది. మామిడికాయ రాలినా పచ్చడికి పనికివస్తుంది గాని తడిసిన పువ్వుకు మరొక ఉపయోగం లేదు.

ఉపాయాలు

ఆకాశాన్ని శాసించలేకపోయినా తోటను సిద్ధం చేయవచ్చు. మొదటిది గాలికి అడ్డు. సరుగుడు, సిల్వర్ ఓక్, వెదురు వంటి వాటిని గాలివాటుకు అడ్డంగా వరుసలలో పెంచితే, ఆ చెట్ల ఎత్తుకు పదింతల దూరం వరకు గాలి వేగం తగ్గుతుంది. గోడ కంటే చెట్లవరుస మేలు. గోడను తాకిన గాలి పైకెగసి అవతల సుడులు తిరుగుతుంది. చెట్లవరుస గాలిని కొంత వదులుతూ దాని బలాన్ని జల్లెడ పడుతుంది.

రెండవది నీటి పొదుపు, తడిలో నిలకడ. 1990ల చివర కుప్పంలో ఇజ్రాయెల్ సాంకేతిక సహకారంతో బిందుసేద్య ప్రదర్శన క్షేత్రం ఏర్పడింది. దాని వ్యయాన్ని గురించి, చిన్న రైతుకు అది తగునా అనే విషయాన్ని గురించి ఆనాడే వాదోపవాదాలు జరిగాయి. 2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం మొదలైన తరువాత డ్రిప్పు పరికరాలు రాయితీపై సామాన్య రైతుకు అందుబాటులోకి వచ్చాయి. రోజూ కొంచెంగా, సమంగా అందే తడి టమాటా పగుళ్ళను చాలవరకు తగ్గిస్తుంది.

మూడవది నేలకు కప్పు. వేరుశనగ పొట్టు, వరిగడ్డి, ఎండుటాకులు, ఇప్పుడు మల్చింగు షీటు నేలలోని తేమను కాపాడతాయి. జడివాన మట్టిని కోసుకొనిపోకుండా అడ్డుకుంటాయి. తొలకరికి ముందే నవధాన్యాలను మట్టిపూతతో చల్లి, పైన ఆకు అలము కప్పే పద్ధతిని ఇటీవల ప్రకృతి వ్యవసాయం చేసేవారు ప్రచారం చేస్తున్నారు. చాలినంత తడి తగిలేవరకు మట్టిపూతలోని విత్తనం వేచి ఉంటుంది. వాన ఎప్పుడు వచ్చినా సిద్ధంగా ఉండడమే దీనిలోని కీలకం.

నాలుగవది వైవిధ్యం. ఒకే రకం మామిడి, ఒకేనాడు నాటిన టమాటా ఒకే గాలివానకు బలి అవుతాయి. ముందు వెనుకలుగా కోతకు వచ్చే రకాలు, దఫాలుగా నాటిన మడులు, పక్కన నాలుగు పశువులు ఉన్న కుటుంబం ఒక్క దెబ్బకు కూలిపోదు. తక్కువ మేతతో జీవించే చిన్న పుంగనూరు ఆవు ఈ కరువు నేలలో పుట్టిన జాతి కావడం ఆలోచింపదగిన విషయం.

సమాచారం, బీమా

భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాలలో వ్యవసాయ సలహాలను ప్రకటిస్తుంది. 2019లో వచ్చిన మేఘదూత్ వాటిని సెల్‌ఫోనుకు చేరుస్తుంది. దామిని పిడుగులను గురించి హెచ్చరిస్తుంది. కోతను రెండు రోజులు ముందుకు జరపాలా, మందు చల్లడం ఆపాలా అనే నిర్ణయాలకు ఇవి తోడ్పడతాయి. తోటపంటలకు వాతావరణ ఆధారిత బీమా కూడా ఉంది. అయితే అది వాతావరణ కేంద్రంలో నమోదైన అంకెలను బట్టి పరిహారం నిర్ణయిస్తుంది. కేంద్రం ఒకచోట, వడగళ్ళు మరొకచోట అయితే నష్టపోయినవానికి న్యాయం జరగదు. కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉండాలని, తోటలో జరిగిన నష్టాన్ని నేరుగా చూసి లెక్కకట్టాలని రైతులు కోరడంలో ఔచిత్యం ఉంది.

సామెత అనుభవాన్ని ఇస్తుంది. శాస్త్రం కారణాన్ని చెబుతుంది. రెండింటినీ విని తన నేలకు తగిన నిర్ణయం తీసుకొనేవాడు తోటమాలి. మన పళ్ళెంలోకి వచ్చిన టమాటా, మన చేతిలోని మామిడిపండు ఎన్ని సాయంకాలాల గాలిని తప్పించుకొని వచ్చాయో తెలుసుకొన్ననాడు, సంతలో బేరమాడే మన గొంతులో కొంత మార్దవం కలుగుతుంది. ప్రకృతి అనిశ్చితిని తొలగించడం మన చేతిలో లేదు. ఆ భారాన్ని తోటమాలి ఒక్కడే మోయకుండా చూడడం సమాజం చేతిలో ఉన్నది.

అభ్యాసం

1. కార్తెను వానకు హామీగా ఎందుకు భావించరాదో వివరించండి.
2. ఒక ఊరిలో వడగళ్ళు పడి, పక్క ఊరిలో చినుకైనా పడకపోవడానికి కారణమేమి?
3. గాలికి గోడ కంటే చెట్లవరుస మేలైన అడ్డు అని ఎట్లు చెప్పగలరు?
4. వాతావరణ ఆధారిత బీమాలోని లోపాన్ని తెలిపి, మీ సూచనలు వ్రాయండి.