తలరాత కాదు, గుణింతం

"వాడి రక్తంలోనే ఉంది" అనే వాక్యం మన కథల్లో, సినిమాల్లో ఇప్పటికీ చలామణీ అవుతోంది. ఒకప్పుడు దాన్ని కర్మ అన్నారు, తరవాత వంశం అన్నారు, ఇప్పుడు డి.ఎన్.ఏ. అంటున్నారు. మాట మారింది, భావవాదం మారలేదు. అసలు జన్యుశాస్త్రం ఏం చెబుతోందో తెలియకుండా ఈ వాక్యాన్ని విమర్శించలేం. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం అదే.

మన కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న డి.ఎన్.ఏ. ఒకటే. తేడా అల్లా ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పలకాలన్న దాంట్లోనే. దాన్ని నిర్ణయించే నియంత్రణ భాగాలు కూడా డి.ఎన్.ఏ.లోనే ఉన్నాయి. మన వ్యాకరణం అచ్చుల్ని ప్రాణాలనీ, హల్లుల్ని ప్రాణులనీ అంది. జన్యువు హల్లయితే ఈ భాగాలు గుణింతం వంటివి. అయితే గుణింతం హల్లును అంటుకునే ఉంటుంది. ఇవి జన్యువుకు ముందు ఉండొచ్చు, చాలా దూరంలోనూ ఉండొచ్చు. కొన్ని ప్రోటీన్లు వచ్చి వీటిని పట్టుకుంటే జన్యువు పలుకుతుంది, లేదా మూగబోతుంది. పాలచక్కెర దొరికినప్పుడే బాక్టీరియా దాన్ని అరిగించుకునే ఎంజైములను దండిగా చేసుకుంటుంది. దాని వెనుక ఉన్న నియంత్రణ సూత్రాన్ని 1961లో జాకబ్, మోనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వివరించారు. అంటే జన్యువు పరిసరాలకు జవాబు చెబుతుందన్నమాట.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఉత్తరాంధ్ర మన్యంలోనూ, పక్కనున్న ఒడిశాలోనూ గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు జన్యువులో ఒక్క అక్షరం మారడమే దానికి మూలం. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి నాళాల్లో చిక్కుకుంటాయి, నొప్పులు పిండేస్తాయి. కానీ పుట్టిన మొదటి నెలల్లో బిడ్డకు ఈ బాధ ఉండదు. కడుపులో ఉన్నప్పుడు పలికిన గామా జన్యువు అప్పటికింకా మూగబోకపోవడమే అందుకు కారణం.

ఒడిశా రోగుల్లో ఈ శిశు హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా ఉంటోందని, జమైకా రోగులకన్నా వారికి జబ్బు తీవ్రత తక్కువని 1986లో ఒక పరిశోధన చూపింది. వారిలో చాలామందికి గామా జన్యువుకు 158 అక్షరాల ముందు, నియంత్రణ భాగంలో, ఒక అక్షరం తేడా ఉంటుంది. తప్పు అక్షరం అదే, గుణింతం వేరు. బతుకులో అంత తేడా!

ప్రకృతి చేసిన ఈ పనిని ఇప్పుడు మనిషి చేస్తున్నాడు. గామా జన్యువు నోరు నొక్కేది బి.సి.ఎల్.11ఏ అనే ప్రోటీను. దాని జన్యువును పూర్తిగా తీసేస్తే ఇతర కణాలకు నష్టం. అందుకని ఎర్రకణాలలో మాత్రమే దాన్ని పెంచే నియంత్రణ భాగాన్ని క్రిస్పర్ పద్ధతితో కత్తిరిస్తారు. కాస్జెవీ అనే ఈ చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. ముందుగా రోగి మూలుగను కీమోథెరపీతో ఖాళీ చేయాలి కూడా.

మందస కొండల్లోని సవర తల్లికి ఈ అంకె ఏం చెబుతుంది? అదే శిశు హిమోగ్లోబిన్‌ను కొంతమేరకు పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర చవకైనది. అది ప్రతినెలా తప్పకుండా గూడేనికి చేరడం శాస్త్రం తేల్చవలసిన సమస్య కాదు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ పరీక్షలు చేసి కార్డులిస్తోంది. ఆ కార్డు వైద్యానికి దారి కావాలి తప్ప ఆడపిల్ల పెళ్లికి అడ్డుపడే కొత్త కులముద్ర కాకూడదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. అక్కడా "జీన్స్" అని చేతులు దులుపుకునేవాళ్లున్నారు. జన్యువుకు అందులో వాటా ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా తాగే నీరు, ఎండలో చేసే చాకిరీ, తిండి విచారణలోంచి తప్పుకోవు. జన్యువు పరిసరాలకు జవాబు చెబుతుందని చూశాం. ఆ పరిసరాలకు జవాబు చెప్పవలసింది ఎవరో మన రచయితలు అడగాలి.