నోట నానే పాట - మనసు మెచ్చే పాట

గేయ రచయిత అయిన ఒక మిత్రుని సంస్మరణ సభలో మాట్లాడవలసి వచ్చింది. అతని రచనలను గురించి నాలుగు మాటలు చెప్పి, అతని పాట ఒకటి పాడి వినిపించాలని ముందే అనుకున్నాను. తీరా లేచి నిలబడ్డాక నా లోపల మోగుతున్నది అతని పాట కాదు. ఆ ఉదయం బస్సులో పదే పదే విన్న ఒక సబ్బు ప్రకటన పాట. దానిని నేను మెచ్చలేదు సరికదా, వింటున్నంతసేపూ విసుక్కున్నాను. ఎలాగో దాన్ని తోసిపుచ్చి మిత్రుని పాట ఎత్తుకున్నాను. పల్లవి పాడాను. మళ్లీ పల్లవే పాడాను. చరణం గుర్తుకు రాలేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని సభలోనివారు అనుకున్నారు. కాదని నాకు తెలుసు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, సంవత్సరాంతంలో, సాహిత్య విద్యార్థులు కొందరు వచ్చి ‘ఈ ఏడాది మీకు బాగా నచ్చిన పాట ఏది?’ అని అడిగారు. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నాలుక మీదికి వచ్చిన పాట నాకు నచ్చినదేనా? లేక నాలుక మీదికి వచ్చింది కనుకనే నచ్చినట్లు అనిపిస్తున్నదా? ఈ రెండింటినీ వేరుచేసి చూడటం పాటలు రాసేవారికీ, పాటలను అంచనా కట్టేవారికీ కూడా అవసరమని నా అభిప్రాయం.

వదలకుండా వెంటాడే పాటను జర్మన్లు ‘చెవి పురుగు’ అన్నారు. ఇంగ్లీషువారు ఆ మాటనే తమ భాషలోకి మార్చుకున్నారు. ఆ బాధను సాహిత్యంలోకి తెచ్చిన తొలితరం వారిలో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఒకడు. 1876లో ప్రచురించిన ఒక హాస్య రచనలో, ట్రాముబండి టిక్కెట్ల మీద అల్లిన ఒక చిల్లర గేయం తనను పట్టుకుని పని చేసుకోనివ్వని తీరు వర్ణించాడు. దానిని ఒక మతబోధక మిత్రునికి అంటించాక గాని ఆయనకు విముక్తి కలగలేదు. ఆ మిత్రుడు పాపం ఒక అంత్యక్రియల ప్రసంగానికి వెళ్లి, ఆ గేయపు లయలోనే ప్రసంగించి, వింటున్నవారి తలలు ఊగించాడు! సంస్మరణ సభలో నాకు ఎదురైన అవమానం నా ఒక్కడిదే కాదని ఈ కథ చదివాక కొంత ఊరట కలిగింది.

శాస్త్రజ్ఞులు దీనిని నిజంగానే పరిశీలించారు. ఫిన్లండ్‌లో 12,000 మందికి పైగా పాల్గొన్న ఒక సర్వేలో సుమారు 90 శాతం మంది, వారానికి ఒకసారైనా ఇలా ఏదో ఒక పాట తమలో తిరుగుతుంటుందని చెప్పారు. ఇంగ్లండులో 2016లో వెలువడిన మరొక పరిశోధన, జనం తరచుగా పేర్కొన్న 100 పాటలను, అంతే ప్రచారం పొంది కూడా ఎవరినీ పట్టుకోని 100 పాటలతో పోల్చి చూసింది. పట్టుకున్న పాటల నడక కాస్త వేగంగా ఉంది. వాటి స్వరగతి సాధారణంగా తెలిసిన బాటలోనే పోతూ, ఎక్కడో ఒకచోట అనుకోని మలుపు తిరుగుతుంది. అంటే పాట పట్టుకోవడానికి కొంత పరిచయమూ కావాలి, కొంత వింతా కావాలి. ఈ సూత్రం మన గేయకవులకు కొత్తది కాదు.

ఇంతకంటె నన్ను ఆకర్షించినది 2015లో రెడింగ్ విశ్వవిద్యాలయంవారు ప్రచురించిన ప్రయోగం. పాట విన్న తర్వాత చూయింగ్ గమ్ నమిలినవారికి ఆ పాట తక్కువసార్లు గుర్తుకు వచ్చింది. కారణం ఏమిటి? లోలోపల పాడుకునేటప్పుడు కూడా మనం మాట్లాడే యంత్రాంగాన్నే కొంతవరకు వాడుకుంటాం. దవడకూ నాలుకకూ వేరే పని చెబితే లోపలి పాట కుంటుపడుతుంది. (మన పెద్దల తాంబూలానికి కూడా ఈ సుగుణం ఉండేదేమో!)

ఇక్కడ మన భాషను ఒకసారి మెచ్చుకోవాలి. ఇలాంటి పాటను మనం ‘నోట నానే పాట’ అంటాం. ‘చెవి పురుగు’ అన్నప్పుడు మనిషి నిస్సహాయుడు. ఏదో బయటినుంచి దూరి తొలుస్తున్నది. ‘నోట నానడం’ అన్నప్పుడు, తెలియకుండానే అయినా, పాడుతున్నది మనమే. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని నా వాదమంతా దాని మీదనే ఆధారపడి ఉంది. పాడుతున్నది మనమే అయితే, ఏమి పాడుతున్నామన్న బాధ్యత కూడా కొంత మనదే అవుతుంది.

పాట నోటికెక్కడానికి ప్రధాన సాధనం పునరుక్తి. డయానా డాయిష్ అనే శాస్త్రజ్ఞురాలు 1995లో ఒక చిత్రమైన విషయాన్ని గమనించారు. మామూలుగా మాట్లాడిన ఒక మాటల గుంపునే ఏ మార్పూ లేకుండా మళ్లీ మళ్లీ వినిపిస్తే, కొంతసేపటికి అది మాటగా కాక పాటగా వినిపించసాగింది. పునరుక్తి పాటకు అలంకారం మాత్రమే కాదు, మాటను పాటగా మార్చే శక్తులలో అది ఒకటి అని దీనివల్ల తెలుస్తుంది.

మన శ్రామిక గేయాలు ఈ రహస్యాన్ని ఏనాడో గ్రహించాయి. దంపుడు పాటలో, నాట్ల పాటలో ఒకరు అందిస్తే తక్కినవారు అందుకుంటారు. ఆ అందుకునే వ్యవధిలో అసలు పాడే ఆమె ఊపిరి తీసుకుంటుంది, తర్వాతి చరణం కూర్చుకుంటుంది. బుర్రకథలో వంతపాటకూ అదే ప్రయోజనం. తాళ్లపాక అన్నమాచార్యుడు సువ్వి, గొబ్బి, ఏల వంటి జానపద ఫణితులను తన సంకీర్తనలలోకి తీసుకున్నాడంటే, వాటి పట్టు ఆయనకు తెలిసే ఉండాలి. ఈ పాటలన్నిటిలోనూ పల్లవి ఒక వాకిలి. అందరూ అక్కడ కలుస్తారు. లోపలికి, చరణంలోకి, వెళ్లడానికే కలుస్తారు.

వాణిజ్య సంస్కృతి చేసినదల్లా వాకిలిని ఉంచి ఇంటిని తీసివేయడం. పదే పదే వినిపించడం వల్ల పాటను గుర్తుపట్టడమే పాటను మెచ్చుకోవడంగా మారుతుందని 1941లోనే అడోర్నో విమర్శించాడు. ఆయన నిరసనలో జనం అభిరుచి పట్ల కొంత చిన్నచూపు ఉన్నమాట నిజమే. అయినా ఆయన చెప్పిన ప్రక్రియ మాత్రం అబద్ధం కాదు. ఒకదానిని మాటిమాటికీ ఎదుర్కొంటే చాలు, దానిపై ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జయోంక్ ప్రయోగాలతో చూపించాడు.

సంవత్సరపు ఉత్తమ గీతాల పట్టికలను కూడా ఈ దృష్టితో చూడాలి. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ప్రారంభించిన ‘బినాకా గీత్‌మాలా’ రికార్డుల అమ్మకాలనూ, శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ లెక్కలోకి తీసుకునేది. అదీ ఒక టూత్‌పేస్టు వ్యాపార ప్రచారమే. అయినా అందులో శ్రోత నోరు తెరిచి ‘నాకిది ఇష్టం’ అని చెప్పే చోటు ఒకటి ఉంది. 2016 నుండి ఏటా స్పాటిఫై తన శ్రోతలకు అందిస్తున్న వార్షిక పట్టిక ఎవరినీ ఏమీ అడగదు. ఎన్నిసార్లు విన్నామో లెక్కగట్టి, ఇదే నీ సంవత్సరం అని మనకే చూపిస్తుంది. ఆ సంస్థ లెక్కలో 30 సెకన్లు మోగితే ఒక పాట విన్నట్లే. అమెరికాలో అగ్రశ్రేణి పాటల వాద్య ప్రారంభం 1986లో సగటున 20 సెకన్లకు పైగా ఉండగా, 2015 నాటికి 5 సెకన్లకు పడిపోయిందని ఒక పరిశోధన తేల్చింది. శ్రోత జారిపోకముందే పట్టుకోవాలన్న ఆత్రం పాట నిర్మాణాన్నే మార్చివేస్తున్నది.

అయితే నోట నానే పాటలన్నీ చౌకబారువే అనవచ్చునా? అనకూడదు. 2022లో విడుదలైన ‘ఆర్‌.ఆర్‌.ఆర్‌.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటనే తీసుకుందాం. కీరవాణి సంగీతానికి చంద్రబోస్ రాసిన ఆ పాట 2023 మార్చిలో ఆస్కార్ పొందింది. తెలుగు ముక్క రానివారు కూడా ప్రపంచమంతటా దాన్ని పాడారు. వారి నోట నానినది ఆ ఒక్క మాట, జానపదుల కాళ్లకు బాగా తెలిసిన ఆ నడక. కాని చరణాలలో పల్లె తిండి, పల్లె చెప్పులు, జాతర సందడి ఉన్నాయి. అవి తెలిసినవారికి ఆ పాట ఒక రుచి, తెలియనివారికి ఒక ఊపు. ఆ ఊపు తప్పుకాదు. ఆ ఊపుతోనే సరిపెట్టుకున్న తెలుగు విద్యార్థి మాత్రం తనకు దక్కవలసినదానిని వదులుకుంటున్నాడు.

మన విమర్శలో రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. జనం పాడుకుంటున్నారు కనుక మంచి పాటేనని ఒకరంటారు. జనం పాడుకుంటున్నారు కనుక అది సాహిత్యం కాదని మరొకరంటారు. ఇద్దరూ పల్లవి దగ్గరే ఆగిపోయారు. 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడిన బండి యాదగిరి పాట సంగతి చూడండి. సాయుధ పోరాట కాలంలో పుట్టిన ఆ పాట పల్లవి దశాబ్దాలుగా జనం నాలుకల మీద ఉంది. అది నిలిచింది బాణీ ఒక్కదానివల్లనే కాదు. దొర గడీ ముందు నిలబడి చెప్పవలసిన మాట చరణాలలో ఉండటంవల్ల కూడా. పల్లవి పిలిచింది, చరణం జవాబు చెప్పింది.

కనుక యువ రచయితలకు నేను చెప్పగలిగిన కొలబద్ద ఒకటే: పల్లవి నోటికెక్కేటట్లు రాయండి, అందుకు సిగ్గుపడవద్దు. ఆపైన, పల్లవి పట్టుకుని వచ్చిన మనిషికి చరణంలో మీరేమి ఇస్తున్నారో చూసుకోండి. విద్యార్థులు ఏ పాటనైనా మెచ్చుకునే ముందు దాని రెండవ చరణం గుర్తుందా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. వెంటాడే పాటను వదిలించుకోవడానికి కూడా చాలామంది చెప్పే ఉపాయం దానిని మొదటినుంచి చివరిదాకా వినడమే! మనలో సాధారణంగా తిరుగుతుండేది పాటలోని తునక మాత్రమే కదా.

ఆ సభ జరిగిన మరుసటి వారం నేను మిత్రుని ఇంటికి వెళ్లి, అతని భార్యను అడిగి నోటుపుస్తకం తెచ్చుకున్నాను. ఆ పాటకు మూడు చరణాలున్నాయి. మూడవది నేను వినగా అతను ఎప్పుడూ పాడలేదు. బహుశా పల్లవి కాగానే మేము చప్పట్లు కొట్టి ఆపివేసి ఉంటాం. ఇప్పుడు మూడూ నాకు కంఠస్థం. సబ్బు పాట కూడా ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. దాన్ని రావద్దనడం నా చేతిలో లేదు. కాని ఈ ఏడాది నీకు నచ్చిన పాట ఏది అంటే, తడుముకోకుండా చెప్పగలను, చివరిదాకా పాడి వినిపించగలను.