తేనెటీగల ఆకలి – మన ఔషధం
చలిదేశాలలో తేనెటీగలకు శీతాకాలం గడ్డుకాలం. మా రేపల్లె ప్రాంతంలో వానాకాలమే వాటికి కరవు. పూలుండవు, ముసురులో బయటికి పోలేవు.

ఒక ఏడు ఆశకొద్దీ పెరటి పెట్టెలోని తేనె అంతా తీసుకున్నాను. శ్రావణంలో ఈగలు పెట్టె విడిచి వెళ్లిపోయాయి. నాటినుండి కొంత తేనె వాటికే ఉంచుతున్నాను. అది చాలనప్పుడు పంచదార, నీరు సమభాగాలుగా కలిపి కాచి, చల్లార్చి, సాయంవేళ పెట్టెలోపల పెడతాను. బెల్లం పెట్టరాదు; ఈగలకు అజీర్ణం చేస్తుంది. అంగడి తేనె పెట్టినా రోగాలు సోకవచ్చును.

అయితే ఆ రోజులలో పట్టులో చేరేది పంచదార పాకమే. అది అనుపానానికి తగదు. పూలకాలంలో తీసినదే మధువు. కొనేటప్పుడు ఎప్పుడు తీసినదో అడిగి తెలుసుకోండి. ఏడాది నిండని శిశువులకు మాత్రం ఏ తేనెయైనా నాకించరాదు.