డికెన్సు 'క్రిస్మస్ కారల్': ఒక ఋణవిమోచన గాథ

ఆంగ్లభాషలో 'రిడెంప్షన్' అను మాట రెండు తావుల వాడబడును. తాకట్టు పెట్టిన సొత్తును బాకీ చెల్లించి విడిపించుకొనుట ఒకటి. పాపమునుండి ఆత్మ విడివడుట మరియొకటి. మన పశ్చాత్తాపము మనస్సునకు, ప్రాయశ్చిత్తము క్రియకు సంబంధించినవి. ఈ మాటలో ఆ రెంటితోపాటు అప్పు తీర్చుటయు గలదు. చార్లెస్ డికెన్సు 1843 డిసెంబరు 19వ తేదీన వెలువరించిన 'ఎ క్రిస్మస్ కారల్' అను చిన్న నవలను పిసినారి మంచివాడైన కథగా మాత్రమే చదువువారికి ఈ మూడవ అర్థము తోచదు.

అప్పు అన నేమో డికెన్సు బాల్యముననే ఎరుగును. 1824లో ఆయన తండ్రి ఋణగ్రస్తుడై మార్షల్సీ చెరసాలలో నుండగా, పండ్రెండేండ్ల బాలుడు బూట్లపాలిషు జాడీలకు చీట్లు అంటించు పని చేసెను. 1843లో ఫ్యాక్టరీలందు పనిచేయు పిల్లల దుఃస్థితిని గూర్చిన ప్రభుత్వ నివేదికను చదివి, మొదట కరపత్రము వ్రాయదలచెను. పిదప కథయే మేలని తలచెను.

కథానాయకుడు ఎబినీజర్ స్క్రూజి లండను వర్తకుడు. అతని గుమాస్తా బాబ్ క్రాచిట్ జీతము వారమునకు పదునైదు షిల్లింగులు. (ఈ పుస్తకపు వెల అయిదు షిల్లింగులు. బాబ్ దానిని కొనవలెనన్న వారపు జీతములో మూడవ వంతు పోవును.) బీదలకు చందా అడుగవచ్చిన పెద్దమనుష్యులను స్క్రూజి, చెరసాలలును వర్కుహౌసులును నడచుచునే యున్నవి గదా యని ప్రశ్నించి పంపివేయును. 1834 నాటి బీదల చట్టమును మెచ్చుకొనినవారి తర్కమే యిది.

ఆ రాత్రి, ఏడేండ్ల క్రిందట చనిపోయిన అతని భాగస్వామి మార్లీ ప్రేతమై వచ్చును. వాని నడుమునకు చుట్టుకొన్న గొలుసు డబ్బుపెట్టెలు, తాళములు, చిట్టాపుస్తకములతో కూడినది. కిటికీ వెలుపల అట్టి ప్రేతములు మరెన్నియో కలవు. పసిబిడ్డతోనున్న ఒక పేదరాలికి సాయపడలేక వానిలో నొకటి విలపించును. ఈయగలిగిననాడు ఈయలేదు, ఈయదలచిననాడు శక్తి లేదు. డికెన్సు చిత్రించిన నరకమింతే. అందు అగ్నిగుండములు లేవు.

స్క్రూజి తన సమాధిని చూచి, చావునకు వెరచి మారెనని పలువురందురు. కథాక్రమము దానికి ఒప్పుకొనదు. సమాధి కనబడునది నాల్గవ ప్రకరణమున. అతని కన్నీరు పుట్టినది రెండవదానిలో. గతకాలపు భూతము అతనిని పాత బడికి కొనిపోగా, సెలవులలో అందరు వెడలిపోయినపుడు ఒంటరిగా మిగిలిన తన బాల్యరూపమును చూచి స్క్రూజి ఏడ్చును. వెంటనే, ఆ సాయంకాలము తన వాకిట పాడవచ్చిన పిల్లవానికి ఏమైన నిచ్చియుండవలసినదే యనుకొనును. తన దుఃఖము జ్ఞప్తికి వచ్చినంతనే పరుని దుఃఖము కానవచ్చినది. పిదప, తనకు పని నేర్పిన ఫెజ్జివిగ్ దొర స్వల్పవ్యయముతో నౌకర్లకెంత సంతోషము కూర్చెనో చూచి, తన గుమాస్తాతో ఒకటి రెండు మాటలాడవలెనని తలచును. బాబ్ కుమారుడు, కుంటివాడైన టైనీ టిమ్ బ్రతుకునా యని రెండవ భూతము నడుగుటయు భయముచేత గాదు. జనాభా తగ్గుట మేలని లోగడ తానాడిన మాటలనే భూతము బదులుగా అప్పగింపగా తల వంచుకొనును. మూడవ భూతము కలిగించిన భయము, అప్పటికే కరగిన మనస్సును గట్టిపరచుటకు మాత్రమే ఉపకరించినది.

తెల్లవారగానే స్క్రూజి ప్రార్థనకంటె ముందు చెల్లింపులకు పూనుకొనును. బాబ్ ఇంటికి తన పేరు చెప్పక పెద్ద టర్కీకోడిని పంపును. వీథిలో ఎదురైన చందాల పెద్దమనిషి చెవిలో ఒక మొత్తము చెప్పి, అందు పాతబకాయిలెన్నియో చేరియున్నవనును. ఆ మొత్తమెంతో డికెన్సు చెప్పడు. దానమనక బకాయి యనుటలోనే స్క్రూజి మార్పంతయు నున్నది. చిట్టా వ్రాయు చేయి అదియే, ఖాతా మారినది. మరునాడు బాబ్ జీతము పెరుగును, టిమ్ బ్రతుకును.

డికెన్సు హృదయపరివర్తననే కోరెను గాని వ్యవస్థల మార్పును కోరలేదని జార్జి ఆర్వెల్ 1940లో ప్రకటించిన వ్యాసమున విమర్శించెను. ఈ గాథవరకు ఆ విమర్శలో నిజము కలదు. స్క్రూజి మారిననాడు ఒక్క వర్కుహౌసైనను మూతపడలేదు. అయినను ఈ కొరతను డికెన్సు కప్పిపుచ్చెననుట న్యాయము కాదు. రెండవ భూతము తన అంగీ మరుగునుండి చిక్కి శల్యమైన యిరువురు పిల్లలను చూపును. బాలుని పేరు అజ్ఞానము, బాలిక పేరు లేమి. వారు మనుష్యుల బిడ్డలని భూతము చెప్పును. అయిదవ ప్రకరణమున స్క్రూజి అందరి బాకీలు తీర్చుచు వీథులన్నియు తిరుగును గాని, ఆ యిరువురు మరల కథలోనికి రారు.